పత్యం చీటీ

నల్గొండ,
9 జూలై 2023

మహారాజశ్రీ మా మనీషక్క గారి దివ్య సముఖమునకు,

ఈ ఉత్తరం వల్ల కలగబోయే సమస్త నష్టాలకు ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పోస్ట్‌మ్యాన్ బండి టైరు పంక్చరైతే ఆ పాపం నాది. అంగన్‌వాడీ మల్లీశ్వరి టీచర్ ఈ కవరు నీ చేతికిస్తుంటే చూసిన ఊరి జనం ఏదో పాత ప్రేమకథ అనుకుంటే ఆ పాపమూ నాదే. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివి, రక్తపరీక్షల ల్యాబులో జనానికి సూదులు గుచ్చుతూ బతికేవాడు నీకు తమ్ముడిగా పుట్టడం నీ తప్పేమీ కాదు. దానికి కూడా క్షమాపణ నేనే చెబుతున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటంటావు. ఫోన్ చేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. "స్పీకర్ వెట్టవే, నేను గూడ ఇంట" అంటుంది మీ అత్తమ్మ గోపమ్మ గారు. నువ్వు "అందరం మంచిగున్నం" అంటావు. మొన్నా అదే అన్నావు. కానీ వెనుక నుంచి వర్షిత దగ్గు వినిపించింది. అది మూడేళ్ల పిల్ల దగ్గులా లేదు. నలభై ఏళ్లుగా చుట్ట తాగుతున్న పెద్దమనిషి దగ్గులా ఉంది.

నా ఒక్కగానొక్క మేనకోడలు ఈ ఏడాది ఎన్నిసార్లు పడకేసింది? ఏం తింటోంది? మందులు ఎన్ని రోజులు వాడారు? ఉత్తరానికి స్పీకర్ ఉండదు కాబట్టి ధైర్యంగా నిజం రాయి.

నీ తమ్ముడు,
అమరేందర్, ఎమ్మెస్సీ, ఫస్ట్ క్లాస్ (ఎవరూ అడగకపోయినా)


గుండ్లగడ్డ, మహబూబ్‌నగర్ జిల్లా,
16 జూలై 2023

అమర్‌కు,

నీ క్షమాపణలు మల్లీశ్వరి టీచర్ ముందే చదువుకున్నాను. ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఉగాది నుంచి ఇప్పటికి ఐదుసార్లు. రెండుసార్లు విరేచనాలు, రెండుసార్లు దగ్గూ జ్వరం, ఒకసారి చెవిలో చీము. మధ్యలో పది రోజులు ఆడుకుంటుంది, మళ్లీ మొదలు. నోటి మూలలు పగిలాయి. తల దువ్వితే జుట్టు దువ్వెనతో వస్తోంది. నిరుడు కుట్టించిన గౌను ఈ ఏడూ సరిపోతోంది. చూసినవాళ్లు టైలర్‌ను మెచ్చుకుంటున్నారు.

తిండి సంగతి అడిగావు. జబ్బు చేస్తే పత్యం, అది మా ఇంటి నియమం. గంజి, చారు, మెత్తటి అన్నం. గుడ్డు బంద్, మాంసం కూర బంద్, పప్పు, నువ్వులు బంద్. జ్వరం పోయాక ఇంకో పదిహేను రోజులు అదే. ఆ పదిహేను రోజులు గడవకముందే మళ్లీ జబ్బు, మళ్లీ పత్యం. ఉగాది నుంచి నా బిడ్డ గుడ్డు తిన్నది ఆరుసార్లు. అంగన్‌వాడీలో పిల్లలకు రోజూ గుడ్డు పెడతారు. అత్తమ్మ అక్కడికీ వెళ్లి చెప్పొచ్చింది.

"మా పిల్లకు వెట్టకు టీచరమ్మా. పత్యంల ఉంది. ఎక్కువ తక్కువైతే నిన్నే అడుగుత."

మందుల సంగతి. విరేచనాలకు డాక్టర్ పద్నాలుగు జింకు బిళ్లలు రాశాడు. మూడో రోజుకు విరేచనాలు కట్టాయి. "తక్కువైనంక బిళ్లెందుకే, ఉంచు, మల్ల పనికొస్తయి" అని మిగిలినవి ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. రెండోసారి అవే ఇంకో మూడు రోజులు పనికొచ్చాయి.

అత్తమ్మ చెడ్డమనిషి కాదు, అమర్. ఆమెకు నలుగురు పుడితే మీ పర్వతాలు బావ ఒక్కడే మిగిలాడు. చిన్నప్పుడు ఆయన చావు దాకా వెళ్లి పత్యంతోనే బతికాడని ఆమె నమ్మకం. వర్షిత దగ్గితే భుజాన వేసుకుని వాకిట్లో తిరిగేది నేను కాదు, ఆమే.

వచ్చి ఉపన్యాసం మాత్రం ఇవ్వకు. పోయినసారి నీ ఉపన్యాసం అయ్యాక వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మనీష


నల్గొండ,
21 జూలై 2023

అక్కా,

ఉపన్యాసం వద్దన్నావు కనుక దీన్ని మేనమామ వారి దివ్యోపదేశం అందాం.

మన ఛాతీ ఎముక వెనుక చిన్న బడి ఒకటి ఉంది. రోగాలతో కొట్లాడే కణాలు అక్కడే చదువుకుంటాయి. ఆ బడికి సారు జింకు. రోజుకు ఆవగింజంత కూడా అక్కర్లేదు, కానీ ఆ కాస్తా లేకపోతే బడి మూతపడుతుంది. కణాలు చదువు రాకుండానే యూనిఫారం వేసుకుని బయటికొస్తాయి. క్రిమి ఎదురొస్తే మనోడా, పరాయోడా తెలియక నిలబడి చూస్తాయి. పేగు లోపలి గోడ కూడా బలహీనపడుతుంది, విరేచనాలు అవుతాయి. ఒంట్లో మిగిలిన జింకు అందులో పోతుంది. అప్పుడు మీ ఇంట్లో ఏం చేస్తారు? గుడ్డు, కూర, పప్పు, నువ్వులు అని జింకు వచ్చే దారులన్నీ ఒక్కొక్కటిగా మూస్తారు. జబ్బు వల్ల పత్యం, పత్యం వల్ల జబ్బు. నా మేనకోడలు ఆ చక్రంలో తిరుగుతోంది.

వరి ఆకు తుప్పు రంగుకు తిరిగితే బావ ఏం చేస్తాడో అడుగు. మర్నాడే జింకు సల్ఫేటు బస్తా తెచ్చి మడిలో చల్లుతాడు. మడికి పత్యం పెట్టడు.

ఆ పద్నాలుగు బిళ్లలు విరేచనాలు కట్టడానికి మాత్రమే కాదు. ఎండిన బావిలో మళ్లీ ఊట రావడానికి. మూడో రోజుకే ఆపితే బావి ఎండినట్టే ఉంటుంది. ఈసారి ఏం జరిగినా పద్నాలుగూ వేయించు. అంగన్‌వాడీలో గుడ్డు సంగతి టీచర్‌తో నువ్వే మెల్లగా మాట్లాడు.

జవాబు వెంటనే రాయి. లేకపోతే వచ్చి ఉపన్యాసం ఇస్తాను.

అమర్


గుండ్లగడ్డ,
17 ఆగస్టు 2023

అమర్,

నెల రోజులు జవాబు రాయలేదు. కారణం చెబుతాను, కోపం తెచ్చుకోకు. వర్షితకు నిమోనియా వచ్చింది. ఆరు రోజులు పాలమూరు దవాఖానలో ఉండి నిన్న వచ్చాం. ఫోన్‌లో పెళ్లికి పోయామని చెప్పింది అబద్ధం.

మొదటి రెండు రోజులు ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయేది. తూకం వేస్తే పది కిలోలు. మూడేళ్లు దాటిన పిల్ల, అమర్. నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇంకోసారి ఇట్లా వస్తే పిల్ల తట్టుకోదని చెప్పింది.

నాలుగో రోజు పొద్దున వార్డులో ఉడకబెట్టిన గుడ్డు ఇచ్చారు. నేను పెంకు తీస్తుంటే అత్తమ్మ నా చేయి పట్టుకుంది.

"ఏం జేస్తున్నవే? ఊపిరాడని పిల్లకు గుడ్డు వెడ్తవా?"

"డాక్టరే వెట్టమన్నడు అత్తమ్మా."

"నోటితోని అంటడు, పోతడు. కాయితం మీద రాసిండా? మా పర్వతాలుకు పత్యం రాసిచ్చిండ్రు. ఇరవై ఒక్క దినం గట్లనే చేసిన. బతికిండు. రాయనిదాన్ని నేనెట్ల నమ్మాలె?"

చీటీ తీసి చూపించమంది. చీటీ మీద మందులే ఉన్నాయి. తిండి గురించి ఒక్క ముక్క లేదు. డాక్టర్ రౌండుకు వచ్చినప్పుడు "మంచిగ తినిపియ్యండి" అని పక్క మంచానికి వెళ్లిపోయాడు. ఆ గుడ్డు పక్క మంచం పిల్ల తిన్నది.

జింకు బిళ్లలు మళ్లీ రాశారు. ఇవాళ ఐదో రోజు. జ్వరం లేదు. అత్తమ్మ ఉప్పు డబ్బా వైపు చూస్తోంది. నాకు భయంగా ఉంది.

మనీష


నల్గొండ,
21 ఆగస్టు 2023

అక్కా,

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. దవాఖాన కాయితాలన్నీ తీసి పెట్టు. ఉపన్యాసం లేదు.

అమర్


గుండ్లగడ్డ,
25 సెప్టెంబరు 2023

తమ్ముడూ,

నువ్వు వచ్చిపోయి నెలయింది. మా ఇల్లు తలకిందులైంది.

పాలమూరులో డాక్టర్‌ను కలిసి రాయించుకొచ్చానని నువ్విచ్చిన చీటీని అత్తమ్మ టీచర్‌తో మూడుసార్లు చదివించుకుంది. ఇప్పుడు మా ఇంట్లో అందరికీ అది కంఠతా వచ్చు. "ఈ మందుకు పత్యం: రోజూ గుడ్డు. వారానికి రెండుసార్లు మాంసం కూర. పప్పు, నువ్వులు విడవొద్దు. చాయ్ బంద్. బిళ్ల రోజుకొకటి, ఆపొద్దు. ఒక్క రోజు తప్పినా అంతా మళ్లీ మొదటి నుంచి." డాక్టర్ తెలుగులో రాయడం ఇదే మొదటిసారి చూస్తున్నానని టీచర్ ఆశ్చర్యపోయింది.

"గిదీ పత్యమంటే" అంది అత్తమ్మ. "ఇన్నొద్దులకు ఒక్కడు రాసిండు." చీటీని దేవుని పటం వెనుక పెట్టింది.

రోజూ పదకొండింటికి అంగన్‌వాడీకి బయలుదేరుతుంది. "టీచరమ్మా, గుడ్డు నా ముంగట వెట్టు. పచ్చసొన ఇడిసిపెడుతున్నదేమో జూస్త." మొన్న మీ బావ వర్షిత నోటికి చాయ్ గ్లాసు అందిస్తుంటే చేతి మీద ఒకటి వేసింది. "పత్యం చెడగొడ్తవారా? నీకెంత పత్యం చేసిన్నో మర్సినవా?" ఆయన గ్లాసు పట్టుకుని వాకిట్లోకి పోయి తాగుతున్నాడు. ఆదివారం మాంసం వండితే మెత్తటి ముక్క ఏరి, మెదిపి, మనవరాలికి పెట్టాకే మాకు వడ్డిస్తోంది.

నోటి మూలలు మానాయి. నెల నుంచి దగ్గు లేదు. ఆ డాక్టర్ ఎవరో గానీ చల్లగా ఉండాలి. ఈసారి పాలమూరు పోయినప్పుడు కలిసి దండం పెట్టి వస్తాను.

మనీష


నల్గొండ,
2 అక్టోబరు 2023

అక్కా,

దండం పెట్టొద్దు. ఆ డాక్టర్ మహా మొహమాటస్థుడు. ఎవరైనా పొగిడితే కళ్లజోడు తుడుచుకుంటూ వేరే గదిలోకి వెళ్లిపోతాడు. చీటీ గురించి దవాఖానలో ఎవరి దగ్గరా ఎత్తకు. ఇలాంటి మహనీయులను వాళ్ల మానాన వదిలేయడమే మనం చేయగలిగిన సేవ.

గోపమ్మ అత్తమ్మకు నా తరఫున పోషకాహార శాఖ గౌరవ మంత్రి పదవి ఇచ్చినట్టు చెప్పు. జీతం లేదు, కారు లేదు, రోజుకో గుడ్డు మీద సర్వాధికారాలు.

అమర్


గుండ్లగడ్డ,
20 డిసెంబరు 2023

అమర్,

పన్నెండు కిలోలు. మల్లీశ్వరి టీచర్ రెండుసార్లు తూచింది. గౌను పొట్టిదైంది. జడ వేస్తున్నాను, చిన్న పిలకంత. గుడ్డూ, మందూ ఒక్క రోజు తప్పలేదు. నిన్న వర్షిత కోడిపిల్ల వెంట పరుగెత్తి పడి, లేచి, మళ్లీ పరుగెత్తింది. అత్తమ్మ ఆపలేదు, నేనూ ఆపలేదు. ఇదే ఈ ఉత్తరంలో సంగతి.

మనీష


గుండ్లగడ్డ,
10 ఫిబ్రవరి 2024

అమర్,

మళ్లీ మొదలైంది. ఈసారి వేరేలా ఉంది.

నెల రోజులుగా పిల్ల తెల్లబడుతోంది. గోళ్లు, పెదవులు, కంటి లోపల, అన్నీ సున్నం వేసినట్టున్నాయి. నోట్లో పుండ్లు. జ్వరం వస్తుంది, పోతుంది, వస్తుంది. రక్తం ఏడున్నర ఉందన్నారు. ఐరన్ మందు మూడు వారాలు తాగించినా పెరగలేదు. తెల్ల కణాలు రెండు వేల ఆరు వందలట. ఆ కాయితం డాక్టర్‌కు చూపించాం. హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. ఇరవై రెండో తారీకు, గురువారం. ఎముకలో నుంచి మూలుగ తీసి చూస్తారట. ఎందుకని అడిగితే, "చూద్దాం అమ్మా" అన్నాడు. ఆ పరీక్ష ఏ జబ్బుకు చేస్తారో నాకు తెలియదనుకున్నాడు.

పత్యం ఒక్క రోజు తప్పలేదు. రాసింది రాసినట్టే చేశాం. ఎక్కడ తప్పిందో నాకు తెలియడం లేదు.

మనీష


నల్గొండ,
14 ఫిబ్రవరి 2024

అక్కా,

నిన్న నీ ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. నేనడిగింది ఒకటే, జింకు బిళ్ల ఇంకా వేస్తున్నారా అని. నీకంటే ముందు అత్తమ్మే స్పీకర్‌లో జవాబిచ్చింది. "ఒక్క దినం తప్పలే బిడ్డా. దసర కాడ పిలగాండ్ల బిళ్లలు దొరకలే. షాపాయన పెద్దోళ్లయి ఇచ్చిండు, యాభై అని రాసున్నయి. గవే వేస్తున్న. కడుపుల తిప్పుతున్నదంటే బెల్లం ముక్క వెడుతున్న."

ఆపండి అన్నాను. ఆమె "సరే తియ్" అని ఫోన్ పెట్టేసింది. ఆ "సరే" మీద నాకు నమ్మకం లేదు, అందుకే రాస్తున్నాను. టీచర్‌తో చదివించు.

ఒంటికి జింకు ఆవగింజలో వంతు కావాలని చెప్పాను కదా. రాగి అంతకన్నా తక్కువ చాలు, కానీ కావాలి. జింకు కావాల్సినదానికి పదింతలు నెలల తరబడి పోస్తే, పేగు దగ్గరే రాగిని పట్టుకుని లోపలికి రానివ్వదు. రాగి లేకపోతే ఎర్ర రక్తం తయారు కాదు. తెల్ల కణాలూ తయారు కావు. ఐరన్ ఎంత తాగించినా లాభముండదు. జింకు తక్కువైనప్పుడు ఏ కాపలా పోయిందో, ఎక్కువైనప్పుడు అదే కాపలా పోతుంది. మూలుగ తీసి చూసినా కనిపించేది పెద్ద జబ్బులాగే ఉండొచ్చు.

నా అనుమానం తప్పయితే నన్ను తిట్టు. కానీ రెండు పనులు ఇవాళే చెయ్యి. బిళ్ల ఆపు. ఎన్ని నెలలుగా వేస్తున్నారో డాక్టర్‌కు చెప్పు.

అమర్


గుండ్లగడ్డ,
17 ఫిబ్రవరి 2024

అమర్,

ఆగలేదు.

టీచర్ నీ ఉత్తరం మొత్తం చదివింది. అత్తమ్మ విని, దేవుని పటం వెనుక నుంచి చీటీ తీసి ముందు పెట్టింది.

"మేనమామ చెప్తే ఆపాల్నా, డాక్టర్ రాస్తే ఆపాల్నా? నువ్వే చదువు టీచరమ్మా. ఒక్క రోజు తప్పినా మొదటి నుంచి అని ఉందా లేదా? ఆర్నెల్ల పత్యం నీళ్లల్ల పొయ్యాల్నా?"

నేను బిళ్లలు బియ్యంలో దాచాను. వెతికి తీసింది. "పిల్లను సంపుతవానే" అంది నన్ను. మీ బావ కూడా తల్లి వైపే. "డాక్టర్ కన్న మీ తమ్మునికే ఎక్కువ తెలుసా?" అంటున్నాడు. చీటీ ఇస్తే దవాఖానలో చూపించి అడుగుతానన్నాను. ఇవ్వనంది. వేరే డాక్టర్లు చూస్తే పత్యం మారుస్తారట. గురువారం హైదరాబాద్‌లో కూడా బిళ్ల మాట ఎత్తొద్దని నాతో పిల్ల మీద ఒట్టు వేయించుకుంది.

నాకిక ఒకటే దారి కనిపిస్తోంది. ఆ చీటీ రాసిన డాక్టర్‌ను పట్టుకో. బతిమాలు. "బిళ్ల ఆపండి" అని ఆయన చేత్తోనే ఇంకో చీటీ రాయించి తీసుకురా. రెండు మాటలు చాలు. ఆయన పేరైనా నాకు చెప్పలేదు నువ్వు.

ఇవాళ పొద్దున కూడా బిళ్ల వేసింది.

మనీష


పాలమూరు బస్టాండ్,
21 ఫిబ్రవరి 2024

గోపమ్మ అత్తమ్మ గారికి,

నమస్కారం. ఇది నేనే తెచ్చి మల్లీశ్వరి టీచర్ చేతికి ఇస్తున్నాను. ఆమె చదువుతుంటే నేను మీ వాకిట్లో నిలబడి ఉంటాను. నోటిమాట మీరు నమ్మరు, కాయితాన్ని నమ్ముతారు. అందుకే కాయితం మీద రాస్తున్నాను.

మా అక్క నన్ను ఇంకో చీటీ అడిగింది. ఆపండి అని రెండు మాటలు. నిన్న పెన్ను తీశాను కూడా. ఆ చీటీ ఇస్తే మీరు ఇవాళే బిళ్ల ఆపేవాళ్లు, నేను ఎప్పటిలాగే జోకులేసి నల్గొండ బస్సెక్కేవాణ్ని. కానీ పిల్లను చూసే డాక్టర్లకు మాత్రం ఏ మందు ఎన్ని నెలలు పడిందో, ఎవరు వేయమన్నారో ఎప్పటికీ తెలిసేది కాదు. పెన్ను మూసేశాను.

ఇవాళ పొద్దున దవాఖానలో వర్షితను చూసే డాక్టర్‌ను కలిశాను. అన్నీ చెప్పాను. నలుగురి ముందు ఆయన నన్నన్న మాటలు టీచర్ చదవడానికి బాగుండవు. చివరికి, రేపు హైదరాబాద్ వద్దు, పిల్లను ఇక్కడికే తీసుకురండి, రాగి పరీక్షకు రక్తం పంపుదాం, అది వచ్చేదాకా మూలుగ పరీక్ష ఆపుదాం అన్నాడు. అనుమానం నిజమే అయితే, బిళ్ల ఆపి మందు ఇస్తే కొన్ని వారాల్లో రక్తం మళ్లీ పడుతుందట. బిళ్ల ఆగకపోతే ఏ మందూ పనిచేయదన్నాడు. తన చేత్తో, తన ముద్రతో రాసిచ్చిన కాయితం ఈ కవర్లోనే ఉంది. గుడ్డు, పప్పు, కూర మీరు పెడుతున్నట్టే పెట్టమని అందులో ఉంది. ఆ పత్యం మంచిదే. బిళ్ల ఒక్కటే ఆపాలి. అక్కతో వేయించిన ఒట్టు తీసేయండి.

మీరు తప్పు చేయలేదు అత్తమ్మా. రాసింది రాసినట్టు ఆర్నెల్లు చేసిన మనిషిని నేను మా ల్యాబులో కూడా చూడలేదు. మా అక్క మీకు ఎదురు తిరగలేదు, పిల్లను కాపాడుకోవాలని చూసింది. టీచర్ ఉన్నదే చదివింది. పర్వతాలు బావ తల్లి మాట విన్నాడు. మీ ఇంట్లో ఒక్కరినీ అనొద్దు. అనాల్సినవాడు వాకిట్లోనే ఉన్నాడు.

నేను పోయినసారి మీకు చీటీతో పాటు పద్నాలుగు బిళ్లలు ఇచ్చాను. అవి అయిపోతే ఆగిపోతుందనుకున్నాను. అంకె వేస్తే మళ్లీ మూడో రోజుకే ఆపేస్తారని భయపడి, ఎన్ని రోజులో అందులో రాయలేదు. అయిపోయాయా అని ఒక్కసారి ఫోన్ చేసి కూడా అడగలేదు. పిల్ల బరువు పెరుగుతోందని వింటూ, ఎంత తెలివైన పని జరిగిందో అని నాలో నేనే మురిసిపోయాను.

దేవుని పటం వెనుక ఉన్న ఆ చీటీ ఏ డాక్టరూ రాయలేదు. ఆ ఆదివారం నేను ఏ డాక్టర్‌నూ కలవలేదు. మీ ఊరికి వచ్చే బస్సులో, కల్వకుర్తి దాటాక, ఒళ్లో సంచి పెట్టుకుని, నా రాతని అక్క గుర్తుపట్టకూడదని ఎడమ చేత్తో నేనే రాశాను.

అమరేందర్